సర్దు, సర్దుకొను, సర్దుకుపో



ఈ టపా కొంచెం కోపంతో వ్రాస్తున్నాను. కోపం పండితుడికి శోభ కాదని తెలుసు. అయినా ముప్పై యేళ్లకు పైగా పిల్లల వ్యాసాలు దిద్దిన చేతికి, తప్పు కనిపించిన చోట ఎర్రసిరా గీత గీయకుండా ఉండటం కష్టం. నేను గీత గీయదలచిన వాక్యం ఒక్కటే: "అలవాటవుతుందిలెండి." కొత్త చెప్పు కరచినా, కొత్త బల్ల ఎత్తు కుదరకపోయినా, కొత్త సైకిలు నడుము విరిచినా మనవాళ్లు చెప్పే ఏకైక మంత్రం ఇది. ఈ మంత్రం ఎంత చెడ్డదో ఒక సైకిలు ద్వారా చెప్పడానికి ప్రయత్నిస్తాను.

మా అబ్బాయి బెంగుళూరులో ఉద్యోగం చేస్తాడు. మొన్న సంక్రాంతికి వస్తూ కారు మీద ఒక సైకిలును కట్టుకొని వచ్చాడు. దానిని సైకిలు అనడానికి నాకు మొదట నోరు రాలేదు. టైర్లు ముంజేయంత లావు. ముందు ఫోర్కు మోటారుసైకిలుకు ఉన్నట్లున్నది. వెనుక చట్రం మధ్యలో ఒక గొట్టం, అందులో గాలి. సీటు ఒక మీట నొక్కితే దిగుతుంది, మళ్లీ నొక్కితే లేస్తుంది. క్యారేజీ లేదు, స్టాండు లేదు, గంట లేదు. ధర అడిగితే వాడు మాట మార్చాడు. కాబట్టి లక్షలలోనే ఉంటుందని గ్రహించాను.

దీనిని ఎండ్యూరో సైకిలు అంటారట. ఎండ్యూరో అనేది ఒక పోటీ పద్ధతి. కొండ ఎక్కడానికి పట్టే కాలాన్ని ఫలితంలో కలపరు. నిర్ణీత సమయానికి పైకి చేరితే చాలు. దిగేటప్పుడు మాత్రం గడియారం నడుస్తుంది. అంటే ఎక్కగలిగినంత తేలికగానూ, రాళ్లమీద దూకుతూ దిగగలిగినంత గట్టిగానూ ఉండే సైకిలు కావాలి. 2013లో ఈ పోటీలకు ప్రపంచస్థాయి పరంపర ఒకటి మొదలైంది. 2023 నుండి అది అంతర్జాతీయ సైక్లింగు సమాఖ్య వారి ప్రపంచ కప్పులో భాగమైంది. మనకు ఆల్ప్స్ పర్వతాలు లేవు గాని కొండవీడు ఉన్నది. అద్దంకి నుండి రాజధానిని అక్కడికి మార్చిన అనవోతారెడ్డి, తన దుర్గం మీదనుండి ఒకనాడు ఇటువంటి వాహనం దిగుతుందని ఊహించి ఉండడు.

భోగి మరునాడు వాడు కొండవీడు వెళ్లాడు. డొంకదారిన వెళ్లి, ఘాట్ రోడ్డున ఎక్కి, కొంత దూరం రాళ్లబాటన దిగి, మధ్యాహ్నానికి ఇంటికి వచ్చాడు. వచ్చినవాడు పండుగ భోజనానికి కూర్చొని అన్నం కలపలేకపోయాడు. అరచేతులు తిమ్మిరెక్కాయి. కుడిమోకాలి చిప్ప క్రింద నొప్పి. మోచేతి మీద గీరుకుపోయిన గాయం.

"ఏమిరా ఇది?" అన్నాను.

"కొత్త బండి కదా నాన్నగారూ, అడ్జస్టు కావాలి. నాలుగైదుసార్లు తొక్కితే అలవాటవుతుందని షాపులో చెప్పారు," అన్నాడు.

ఇక్కడ నాలోని వ్యాకరణ పండితుడు లేచి కూర్చున్నాడు. అడ్జస్టు కావలసింది ఎవరు? కర్త ఎవరు, కర్మ ఏది?

బాలవ్యాకరణం చదివిన మిత్రులు క్షమించాలి. తెలిసినదే మళ్లీ చెబుతున్నాను. "సర్దు" సకర్మక క్రియ. దానికి కర్మ కావాలి: పెట్టె సర్దు, పుస్తకాలు సర్దు, సీటు సర్దు. మనిషి చేస్తాడు, వస్తువు మారుతుంది. దానికి "కొను" చేరితే ఫలితం చేసినవానికే చెందుతుంది: తన పెట్టె తాను సర్దుకొన్నాడు. ఇక్కడా వస్తువే మారుతున్నది. ఇక దానికి "పోవు" చేరిందా, అర్థం తలక్రిందులవుతుంది. "సర్దుకుపోయాడు" అంటే వస్తువు ఉన్నది ఉన్నట్లే ఉన్నది, మనిషి వంగాడు. కర్మ మాయమైంది, కర్తే కర్మ అయ్యాడు. ఇంగ్లీషువాడి అడ్జస్టులో ఈ రెండర్థాలూ ఉన్నాయి. మనం ఆ మాటను తెచ్చుకొన్నప్పుడు మొదటి అర్థాన్ని రేవులోనే వదిలేసి, రెండవదాన్ని మాత్రమే ఇంటికి తెచ్చుకొన్నాము. రైలుపెట్టెలో "కొంచెం అడ్జస్టు చేసుకోండి" అన్నప్పుడు మారేది బల్ల కాదు, మన తుంటి ఎముక.

మావాడికి ఈ వ్యాకరణం అంతా చెప్పాను. వాడు ఓపికగా విని, "అయితే ఏం చేయమంటారు?" అన్నాడు. మంచి ప్రశ్న. సైకిలు వచ్చిన అట్టపెట్టె కారులోనే ఉన్నదన్నాడు, తెప్పించాను. అడుగున ముద్ర విప్పని ఒక సంచి. అందులో ఒక చిన్న పంపు, షట్కోణపు తాళపుచెవుల వంటి పనిముట్లు, ఒక పుస్తకం. ఆ పుస్తకాన్ని ఎవరూ తెరవలేదు. దుకాణంవారూ తెరవలేదు, కొన్నవాడూ తెరవలేదు. లక్షలు పోసి వస్తువును కొన్నవాడు, దానితో ఉచితంగా వచ్చిన జ్ఞానాన్ని అట్టపెట్టెలో పారేశాడు! రాత్రి కూర్చొని చదివాను. మరునాడు ఉదయం మా ఊరి సైకిలు షాపు సాయిబుగారిని పిలిపించాను.

సాయిబుగారి వయస్సు నాకంటె ఎక్కువ. గంటకు పావలా అద్దెకు సైకిళ్లిచ్చిన కాలంనుండి ఉన్న మనిషి. మాకు ఆ రోజుల్లో పిల్లల సైకిళ్లు లేవు. ఇరవైరెండో, ఇరవైనాలుగో అంగుళాల చట్రం, దానికి ఇరవైయెనిమిది అంగుళాల చక్రాలు. కడ్డీ క్రిందుగా కాలు దూర్చి దొంగతొక్కుడు తొక్కాము. ఆయన ఈ ఎండ్యూరో వాహనం చుట్టూ ఒకసారి తిరిగి, "పంతులుగారూ, ఏమున్నా లేకపోయినా దీనికీ రెండు చక్రాలే గదా," అన్నారు. తరువాత మావాణ్ణి పిలిచి, సీటును చంక క్రింద పెట్టించి, చేయి క్రిందికి చాచమన్నారు. వేళ్లకొనలు పెడళ్ల నడిమి ఇరుసును తాకాలి. ఇరుసును దాటి చేయి క్రిందికి పోయింది. అంటే సీటు తక్కువ. ఎంత తక్కువ? రెండంగుళాలు!

నేను పుస్తకపు మనిషిని కాబట్టి పుస్తకపు లెక్క వేశాను. 1967లో ఇంగ్లండులో హామ్లీ, థామస్ అనే ఇద్దరు పరిశోధకులు, కాలి లోపలి కొలత ఎంతో చూసి, దానికి 109 శాతం ఉండేటట్లు క్రిందికి దిగిన పెడలునుండి సీటు ఉపరితలం దాకా ఎత్తు పెట్టుకొమ్మన్నారు. మావాడి కాలు 78 సెంటీమీటర్లు. సీటు 85 దగ్గర ఉండాలి. ఉన్నది 80. సాయిబుగారి చంకలెక్కకూ, ఆ పరిశోధకుల లెక్కకూ వ్రేలెడు తేడా కూడా రాలేదు. సీటు తక్కువైతే మోకాలు ప్రతి త్రొక్కుకూ అతిగా ముడుచుకొని, చిప్పమీద ఒత్తిడి పడుతుంది. గంటకు కొన్ని వేల త్రొక్కులు. మోకాలు దీనికి అలవాటు పడదు, అరుగుతుంది.

తరువాత సస్పెన్షన్. దీనికి నేను "ఊత" అని పేరు పెట్టుకొన్నాను. ఇంతకంటె మంచి మాట తోచినవారు చెప్పండి. ముందు ఊత మొత్తం 160 మిల్లీమీటర్లు కుంగగలదు. మనిషి ఎక్కి కదలకుండా నిలబడినప్పుడు అందులో ఇంచుమించు అయిదవ వంతు, అంటే 32 మిల్లీమీటర్లు కుంగాలి. దీనిని వాళ్లు శాగ్ అంటారు, నేను "కుంగు" అంటాను. వెనుక గొట్టానికి 60 మిల్లీమీటర్ల నడక. అక్కడ మూడువంతులలో ఒక వంతుకు కొంచెం తక్కువ, 18 మిల్లీమీటర్లు కుంగాలి. ఈ కుంగు ఎందుకు? చక్రం గుంతలోకి దిగవలసినప్పుడు దిగడానికి కొంత జాగా ముందే ఉండాలి కాబట్టి. కొలవడం కష్టం కాదు. గొట్టం మీద ఒక రబ్బరు ఉంగరం ఉంటుంది. దానిని అంచుకు జరిపి, మెల్లగా ఎక్కి, మెల్లగా దిగి, ఉంగరం ఎంత జరిగిందో స్కేలుతో చూడటమే. మావాడు ఎక్కి దిగాడు. ముందు 14 మిల్లీమీటర్లు. వెనుక 9. అంటే ఆ గాలి వీడికంటె చాలా బరువైన మనిషి కోసం కొట్టింది! కొండవీటి రాళ్లన్నీ ఊతను కదిలించలేక, నేరుగా వీడి అరచేతులలోకి వచ్చాయి. చిన్న పంపు పెట్టి కొంచెం కొంచెం గాలి తీశాము. తీసినప్పుడల్లా ఎక్కి దిగాడు, కొలిచాము. గంటన్నరకు లెక్క కుదిరింది.

కుంగినది తిరిగి లేచే వేగాన్ని ఇంకొక మరతో మార్చాలి. మరీ వేగంగా లేస్తే కోపిష్టి ఎద్దులాగా వెనుకనుండి తన్నుతుంది. మరీ నిదానంగా లేస్తే, ఒక గుంతనుండి తేరుకొనేలోగా రెండవ గుంత వచ్చి, మూడింటికి ఊత అడుగంటుతుంది. దీనికి "తేరు" అని పేరు పెట్టాను. గాలి మారినప్పుడల్లా తేరునూ మార్చాలి, ఒకదానికొకటి ముడి. బ్రేకు పిడులు వేళ్లకు అందనంత దూరంగా ఉన్నాయి. వాటికి ఒక చిన్న మర ఉన్నది. నాలుగు చుట్లు త్రిప్పితే దగ్గరకు వచ్చాయి. ఇక మోచేతి గాయం కథ వేరు. మన సైకిళ్లకు కుడిచేతి పిడి ముందుచక్రానిది. ఈ బండికి ఎడమది ముందుచక్రానికి ఉన్నది. కొన్ని దేశాలలో అదే రివాజు. పల్లంలో భయపడినప్పుడు చేయి ఆలోచించదు, పాత అలవాటునే పట్టుకొంటుంది. మావాడు కుడిది పిసికాడు, వెనుకచక్రం జారింది. గుంటూరు తీసుకువెళ్లి ఆ గొట్టాలను తారుమారు చేయించుకొని వచ్చాడు.

"ఇవన్నీ ఫ్యాక్టరీలో ఇంజనీర్లు పెట్టే పంపుతారు గదండీ, మనకెందుకు?" అనే మిత్రులున్నారు. ఫ్యాక్టరీవాడికి మా అబ్బాయి బరువు తెలియదు. మా నేల తెలియదు. మా ఎండ తెలియదు.

నేల సంగతి చూడండి. గుంటూరు, ప్రకాశం జిల్లాలు ఇప్పుడు కాగితం మీద నాలుగైదు ముక్కలైనా నల్లరేగడి ముక్కలు కాలేదు. చిలకలూరిపేట నుండి పర్చూరు, మార్టూరు, అద్దంకి దాకా పత్తిచేలు, మిరపచేలు. వాన పడితే ఈ మట్టి టైరుకూ ఫోర్కుకూ మధ్య పట్టి చక్రాన్ని తిరగనివ్వదు. ఎండితే నెర్రెలు విచ్చి టైరు ఇరుక్కొనేంత సందులు. బండ్లు, ట్రాక్టర్లు దిగబడిన గాళ్లు ఎండి ఇనుపపట్టాలవుతాయి. గట్ల మీద పల్లేరు, పక్కన సర్కారు తుమ్మ. ఈ పల్లేరుకాయ అమెరికా పశ్చిమరాష్ట్రాలకు కూడా చేరి అక్కడి సైకిలువాళ్లను ఏడిపిస్తున్నదట. వాళ్లు ట్యూబు తీసేసి, టైరులో పాలవంటి ద్రవం పోస్తారు. ముల్లు దిగితే ఆ ద్రవమే కన్నాన్ని మూసేస్తుంది. మావాడి టైర్లు ఆ పద్ధతికి తగినవే, దానికి కావలసిన వాల్వులు ఆ సంచిలోనే ఉన్నాయి. దుకాణంలో ట్యూబులు వేసి, నలభై పౌండ్ల గాలి కొట్టి పంపారు. తారురోడ్డుకు పనికివచ్చే గాలి డొంకకు పనికిరాదు. ఇప్పుడు ముందు 22, వెనుక 25.

ఎండ సంగతి. మూసిన గొట్టంలో గాలి వేడెక్కితే పీడనం పెరుగుతుందని మా బడిలో భౌతికశాస్త్రం మేష్టారు చెప్పేవారు. 25 డిగ్రీల చల్లని గదిలో ఊతకు 200 పౌండ్ల గాలి కొట్టి, 45 డిగ్రీల పల్నాటి ఎండలో పెట్టండి. లెక్క ప్రకారం పద్నాలుగు పౌండ్లు పెరుగుతుంది. టైరులో 28 ఉంటే మూడు పెరుగుతుంది. చల్లదనం యంత్రం ఉన్న దుకాణంలో పుష్యమాసంలో కుదిర్చినది రెంటచింతలలో వైశాఖమాసానికి కుదరదు. ఎక్కడ త్రొక్కుతావో, ఎప్పుడు త్రొక్కుతావో అక్కడ, అప్పుడు కొలుచుకోవాలి.

"సగటు మనిషికి సరిపోయేటట్లు చేస్తారు" అనేది ఇంకొక వాదం. ఆ సగటు మనిషి ఎవరు? 1950లో అమెరికా వైమానికదళం వారు నాలుగువేల మందికి పైగా విమానచోదకుల దేహాలను కొలిపించారు. గిల్బర్ట్ డేనియల్స్ అనే యువ పరిశోధకుడు 4,063 మంది కొలతలు తీసుకొని, ఎత్తు, ఛాతీ, చేయి వంటి పది కొలతలలోనూ సగటుకు దగ్గరగా ఉన్నవారు ఎందరో లెక్కపెట్టాడు. ఒక్కడూ లేడు! సగటుకోసం చేసిన ఆసనం ఎవరికోసమూ చేయని ఆసనమని అప్పుడు తెలిసింది. ఆ తరువాత ముందుకూ వెనుకకూ జరిగే సీట్లు, సర్దుకొనగల పెడళ్లు విమానాలలోకి వచ్చాయి. చోదకుణ్ణి అలవాటు పడమని వాళ్లు చెప్పలేదు. చెప్పి ఉంటే విమానాలు కూలేవి.

ఇంత దూరం వెళ్లనక్కరలేదు. మన రైతునే చూడండి. కాడి ఎద్దు మెడమీద ఒరుసుకొంటే దానికి గోనెపట్టా చుడతాడు గాని, ఎద్దును అలవాటు చేసుకొమ్మనడు. బండిలో బరువు ముందుకు పడితే ఎద్దు మెడ కుంగుతుంది, వెనుకకు పడితే కాడి పైకి లేచి గొంతుకు పట్టేస్తుంది. అందుకే పత్తి బోరేలు వేసేటప్పుడే అటూ ఇటూ సర్ది, కాడి ఎత్తి చూసి మరీ బండి తోలతాడు. మావాడి సైకిలుకు మేము గంటన్నర చేసిన పని, ఒంగోలు ఎడ్లకు మా తాత రోజూ చేసిన పనే. కచేరీకి ముందు మృదంగం వాయించేవాడు గాయకుడి శ్రుతికి మృదంగాన్ని సరిచేస్తాడు. నడుమ జారితే మళ్లీ సరిచేస్తాడు. ఆ కాసేపూ సభ అంతా ఓపిక పడుతుంది. గాయకుణ్ణి మృదంగానికి అలవాటు పడమని ఎవ్వరూ అనరు. ఎద్దుకూ, మద్దెలకూ మనం ఇస్తున్న ఈ మర్యాద మనిషి మోకాలికి ఎందుకు ఇవ్వము? నొప్పి అన్నవాడిని "ఆడలేక మద్దెల ఓడు" అని వెక్కిరిస్తాము. నిజమే, ఆ సామెతకు పనికివచ్చేవారు లోకంలో చాలామంది ఉన్నారు. కాని ఒక్కొక్కసారి మద్దెల నిజంగానే ఓడు. ముందు మద్దెలను చూసి, తరువాత సామెత చెప్పండి.

"మా నాన్నగారు ఇరవైనాలుగు అంగుళాల రాలీ మీద నలభై యేళ్లు ఊళ్లు తిరిగారు, ఏమీ కాలేదు" అని ఒక మిత్రుడు నాతో వాదించాడు. ఏమీ కాలేదని ఆ తండ్రిగారు ఎప్పుడైనా చెప్పారా? ఆయనను ఎవరైనా అడిగారా? నాకు తెలిసి ఆ తరంవారు సాయంత్రం అరుగుమీద కూర్చొని మోకాళ్లకు ఆముదం రాసుకొనేవారు. అది వయస్సు అనుకొన్నాము.

నా వాదానికి ఒక హద్దు ఉన్నది, దానిని నేనే చెప్పడం న్యాయం. అలవాటు పడవలసినవీ ఉన్నాయి. కొత్త డిస్కు బ్రేకు మొదటిరోజు పట్టదు. చదునైన చోట వేగం పెంచి, మెల్లగా తగ్గించి, ఇరవైసార్లు అలా చేస్తేగాని బిళ్లలూ పళ్లెమూ ఒకదానికొకటి కుదురుకోవు. కొత్త తీగలు కొంత సాగుతాయి, చక్రపు పుల్లలు కొంత సర్దుకొంటాయి, నెలకొకసారి బిగించాలి. పల్లంలో సీటు దించి, పెడళ్లమీద నిలబడి, మోచేతులు వంచి దిగడం మావాడు నేర్చుకోవలసిన విద్య. దానికి మర ఏదీ లేదు, సాధనే ఉన్నది. కాబట్టి నేను సాధనను కాదనడం లేదు. వరుస తప్పవద్దంటున్నాను. ముందు వస్తువును సర్దాలి. సర్దిన తరువాత మిగిలిన కష్టానికి మాత్రమే అలవాటు అని పేరు పెట్టాలి. సర్దకముందే అలవాటు చేసుకొమ్మనడం బద్ధకం, ఆ బద్ధకానికి ఓర్పు అని పేరు పెట్టడం మోసం.

ఇంత కోపం ఒక ఖరీదైన ఆటవస్తువు కోసమా అని మీరు అడగవచ్చు. కాదు. మావాడు చదువుకొన్నవాడు, సంపాదనపరుడు. వాడి మోకాలికి వైద్యం చేయించుకోగలడు. నా కోపం నా మీద.

నా ఉద్యోగపు చివరి సంవత్సరాలలో మా బడిలో ఆడపిల్లలకు ప్రభుత్వం సైకిళ్లు ఇచ్చింది. మంచి పని. బీహారులో 2006లో తొమ్మిదో తరగతి ఆడపిల్లలకు సైకిళ్లిచ్చే పథకం పెట్టారు. దానిని పరిశీలించిన కార్తీక్ మురళీధరన్, నిశిత్ ప్రకాశ్ అనే ఆర్థికవేత్తలు, ఆ పిల్లల ఉన్నత పాఠశాల నమోదు 32 శాతం పెరిగిందనీ, మగపిల్లలతో ఉన్న అంతరం 40 శాతం తగ్గిందనీ 2017లో ప్రకటించారు. ఆడపిల్లకు సైకిలంటే అంత విలువ. మా బడిలో ఆ పంపిణీ పట్టీ వ్రాసింది నేనే.

వారం తరువాత ఒక పిల్ల నా దగ్గరకు వచ్చింది. పొట్టి పిల్ల, పొరుగు పల్లెనుండి మూడు కిలోమీటర్లు డొంకన వస్తుంది. "మేష్టారూ, కాళ్లు అందట్లేదండి. ఆపితే పడిపోతున్నాను," అన్నది. నా చేతిలో హాజరుపట్టీ ఉన్నది, గంట కొట్టారు, ఎనిమిదో తరగతికి వెళ్లాలి. "అలవాటవుతుందిలే తల్లీ, నాలుగురోజులు తొక్కు," అన్నాను.

ఆ సీటు క్రింద ఒక మర ఉన్నది. పానాతో వదులు చేసి, రెండంగుళాలు దించి, మళ్లీ బిగించాలి. రెండు నిమిషాల పని. సాయిబుగారి దుకాణం బడిగేటుకు వంద గజాలు. నేను పంపలేదు.

తరువాతి వారం వానకు గాళ్లు పడిన డొంకలో, ఎదురుగా ట్రాక్టరు వస్తే పక్కకు ఆపబోయింది. కాలు నేలకు అందలేదు. చేయి ఆనించి పడింది, మణికట్టు విరిగింది. దసరా సెలవుల తరువాత బడికి రాలేదు. నేను వాళ్ల ఇంటికి వెళ్లాను. సైకిలు పంచలో గోడకు ఆనించి ఉన్నది, హ్యాండిలుకు మిరపకాయల సంచి తగిలించి ఉన్నది. వాళ్లమ్మ నాకు కుర్చీ వేసి, "ఆ సైకిలు మా పిల్లకి అలవాటు కాలేదండి మేష్టారూ," అన్నది. నా మాట నాకే తిరిగి వచ్చింది. ఆ తల్లి గొంతులో నామీద కోపం లేదు, తన పిల్లదే లోపమన్నట్లు చెప్పింది. కోపపడి ఉంటే బాగుండేది.

ఆ పిల్ల చదువు సైకిలు వల్లనే ఆగిందని నేను చెప్పను. పత్తి తీతలున్నాయి, ఇంటి ఇబ్బందులున్నాయి, ఈడొచ్చిన పిల్లకు డొంకదారి ఎందుకన్న మాటలున్నాయి. వీటి అన్నిటి మధ్యా ఆ పిల్ల పక్షాన నిలబడగలిగిన వస్తువు ఒక్కటే ఉన్నది, దానిని ఆమెకు అందేటట్లు చేయడం నా చేతిలో ఉన్నది. నేను చేయలేదు. పండితుణ్ణి, "సర్దు" అనే ధాతువుకు సకర్మక ప్రయోగం ఉన్నదని పరీక్షలో రెండు మార్కులకు ప్రశ్న ఇచ్చినవాణ్ణి, దానిని ప్రయోగించవలసిన చోట ప్రయోగించలేదు.

మావాడు మోకాలు పట్టుకొని "అలవాటవుతుంది నాన్నగారూ" అన్నప్పుడు నాకు ఆ పంచ గుర్తుకు వచ్చింది. ఆ గంటన్నర రబ్బరు ఉంగరాన్ని అంత శ్రద్ధగా కొలవడానికి అదే కారణం. కనుమునాడు వాడు మళ్లీ కొండవీడు వెళ్లి వచ్చాడు. చేతులు తిమ్మిరెక్కలేదు. దిగడం మాత్రం ఇంకా రాదు. అది సాధనతో వస్తుంది.

మిత్రులారా, ఈ వాదంలో మీరు ఏ పక్షమైనా కావచ్చు. సాయంత్రం ఇంటికి వెళ్లి మీ పిల్ల సైకిలు బయటకు తీయండి. సీటు మీద కూర్చోబెట్టండి. మునివేళ్లు నేలకు ఆనుతున్నాయా? మడమను పెడలుమీద పెడితే అది పూర్తిగా క్రిందికి దిగినప్పుడు కాలు చాపుగా వస్తున్నదా? బ్రేకు పిడి వేళ్లకు అందుతున్నదా? కుడిచేతి పిడి ఏ చక్రాన్ని ఆపుతున్నది? ఈ నాలుగు ప్రశ్నలకు ఎండ్యూరో అక్కరలేదు, లక్షలు అక్కరలేదు, ఒక పానా చాలు. దుకాణంవారు "అలవాటవుతుందిలెండి" అంటే, "ఎవరికండీ?" అని కర్తను అడగండి. జవాబు వచ్చేదాకా డబ్బు ఇవ్వకండి. మీలో ఉపాధ్యాయులున్నారు, మీ బడికి సైకిళ్లు వస్తే పంపిణీ పట్టీలో సంతకం పక్కన "సీటు సర్దబడినది" అని ఇంకొక గడి గీయండి. కర్మణి ప్రయోగం తెలుగుకు అంత సహజం కాదని నేనే పిల్లలకు చెప్పాను. ఈ ఒక్క చోట వాడండి, ఫరవాలేదు.

బడులు తెరిచిన రోజులలో సాయిబుగారూ నేనూ మా ఊరి హైస్కూలు గేటు దగ్గర కూర్చొంటున్నాము. ఆయన చంకలెక్క చూస్తారు, నేను పానా అందిస్తాను. పిల్లలు మొదట నవ్వారు. తరువాత వరుస కట్టారు. మొదటిరోజు పందొమ్మిది సైకిళ్లు చూశాము. పదకొండింటికి సీటు మార్చవలసి వచ్చింది.

మీ ఇంటి సైకిలు సంగతి వ్రాయండి.